పాత వీడియో గేమ్ మెషిన్‌లో పిక్చర్ ట్యూబు తీసి మానిటర్ పెట్టడం ఎలా, విశాఖ గాలిని కూడా లెక్కలోకి తీసుకుని

బొమ్మ రావట్లేదు అన్నంత మాత్రాన ట్యూబు పోయినట్టు కాదు, ముందు ఆ సంగతి తేల్చుకోండి. ఆ డబ్బాలో పిక్చర్ ట్యూబే గట్టి సరుకు, ముందుగా మొరాయించేది దాని వెనకాల ఉండే చాసిస్ బోర్డు. ఎల్‌ఓటీ, అంటే ట్యూబుకి హై వోల్టేజ్ ఇచ్చే ట్రాన్స్‌ఫార్మర్, దాని కాళ్ళ దగ్గర డ్రై సోల్డర్ పడుతుంది (అతుకు పట్టు వదులుతుంది), కెపాసిటర్లు ఎండిపోతాయి, కనెక్టర్లకి తుప్పు పడుతుంది. సముద్రం పక్కన ఉన్న ఊళ్ళో ఇవన్నీ ఇంకాస్త తొందరగా జరుగుతాయి. కాబట్టి మానిటర్ కొనడానికి పరిగెత్తకుండా ఒక సాయంత్రం దాన్ని గమనించండి.

గదిలో లైట్లు తీసేసి, వెనక తలుపు తెరిచి, చెయ్యి లోపల పెట్టకుండా దూరంగా నిలబడి ఆన్ చేసి చూడండి. ట్యూబు మెడ దగ్గర నారింజ రంగు వెలుగు సన్నగా కనిపిస్తే హీటర్ బతికే ఉంది. కాయిన్ వేస్తే మోగి, స్టార్ట్ నొక్కితే గేమ్ శబ్దాలు వస్తుంటే గేమ్ బోర్డు కూడా బాగున్నట్టే. తెర మధ్యలో అడ్డంగా ఒకే ఒక్క తెల్ల గీత కనిపిస్తే అది బొమ్మని నిలువుగా పరిచే వర్టికల్ సెక్షన్ గొడవ, చాలాసార్లు ఒక ఐసీతోనో రెండు కెపాసిటర్లతోనో తీరిపోతుంది. ఆ గీతని అలాగే ఉంచి చూస్తూ కూర్చోకండి, తెర మీద కాలిన మచ్చ మిగిలిపోతుంది. ఒక రంగు మాత్రమే మాయమైతే సిగ్నల్ వైరో, మెడ మీద ఉన్న చిన్న బోర్డో చూసుకోవాలి. ఎంతసేపు వేడెక్కినా బొమ్మ మసకగా, తెలుపు రంగు అలుక్కుపోయినట్టు వస్తుంటే మాత్రం ట్యూబు ఆయుష్షు అయిపోయినట్టే.

ఊళ్ళో పిక్చర్ ట్యూబు టీవీల మీద చెయ్యి తిరిగిన పెద్ద వయసు మెకానిక్‌లు ఇంకా అక్కడక్కడా ఉన్నారు. వాళ్ళలో ఒకరికి చూపిస్తే "ట్యూబు బానే ఉంది కదేటి బాబూ, ఎందుకు పీకీడం" అని అన్నా అనొచ్చు, అంటే వినండి. చాసిస్ బాగుపడుతుందంటే బాగు చేయించుకోండి, ఇక ఈ వ్యాసంతో మీకు పనిలేదు. కొత్త ట్యూబులు తయారవడం ఆగిపోయి ఏళ్ళయింది, పనిచేసే ట్యూబుని తీసి పక్కన పడేసేంత తొందర ఎవరికీ ఉండకూడదని నా అభిప్రాయం.

కొన్ని మెషిన్లకి మానిటర్ అసలు పనికిరాదు. టైమ్ క్రైసిస్ లాంటి తుపాకీ గేముల్లో గన్, ట్యూబు మీద గీతలు పడే క్షణాన్ని బట్టి ఎక్కడికి గురిపెట్టారో కనుక్కుంటుంది, ఎల్‌సీడీ ముందు ఆ గన్ గుడ్డిదైపోతుంది. గన్‌ని స్టాండుకి బిగించి, లోపల మామూలు పొటెన్షియోమీటర్ (వాల్యూమ్ నాబ్ లాంటిది) తిరిగే రకానికి ఆ ఇబ్బంది లేదు. ఆస్టరాయిడ్స్ లాంటి వెక్టర్ గేములకి, అంటే బొమ్మని నేరుగా గీతలతో గీసేవాటికి, కింద చెప్పబోయే కన్వర్టర్లు ఏవీ పనిచేయవు. అలాంటి మెషిన్ మీ దగ్గరుంటే ట్యూబు జోలికి పోకండి.

మిగతా అందరికీ ఒకటే షరతు: క్యాబినెట్‌ని కోయకండి, కొత్త రంధ్రాలు వీలైనంత తక్కువ పెట్టండి. రేపు ఎవరికైనా ట్యూబు దొరికితే మళ్ళీ పాత బోల్టుల్లోనే కూర్చునేలా ఉండాలి. కింద చెప్పేదంతా ఆ లెక్క ప్రకారమే.

ఎన్ని అంగుళాల మానిటర్?

ఇక్కడే ఎక్కువమంది డబ్బు తగలేస్తారు. 21 అంగుళాల ట్యూబు తీసి 22 అంగుళాల వైడ్ మానిటర్ పెట్టి, బొమ్మ ఇంత చిన్నదైపోయిందేంటని తల పట్టుకుంటారు. అంగుళాలు కొలిచేది మూల నుంచి మూలకి. పాత గేములన్నీ 4:3 తెర కోసం చేసినవి, ఇప్పటి మానిటర్లు 16:9. వైడ్ మానిటర్‌లో 4:3 బొమ్మ పెడితే రెండు పక్కలా నల్ల పట్టీలు వస్తాయి, కాబట్టి మీకు ఉపయోగపడేది దాని ఎత్తు మాత్రమే.

మన ఇళ్ళల్లో ఉండే 21 అంగుళాల కలర్ టీవీని గుర్తు చేసుకోండి, అట్టపెట్టె మీద 51 సెంటీమీటర్లు అని ఉండేది. అంటే కనిపించే తెర 20 అంగుళాలు, అందులో వెడల్పు 16, ఎత్తు 12. ఇక్కడ లోకల్‌గా చేయించిన క్యాబినెట్లలో కొన్నింట్లో ఉన్నది ఆ ట్యూబే. ఇప్పుడు 24 అంగుళాల 16:9 మానిటర్ తీసుకుంటే దాని తెర ఎత్తు 11.8 అంగుళాలు, అందులో 4:3 బొమ్మ వెడల్పు 15.7 వస్తుంది. దాదాపు అచ్చం పాత సైజే. 22 అంగుళాలదైతే ఎత్తు 10.8కి పడిపోతుంది, ఆ ఒక్క అంగుళం తేడా కంటికి కొట్టొచ్చినట్టు తెలుస్తుంది.

బయటి దేశాల నుంచి వచ్చిన క్యాబినెట్లలో 19 అంగుళాల ట్యూబు ఎక్కువగా కనిపిస్తుంది, అందులో కనిపించే బొమ్మ సుమారు 14.4 వెడల్పు, 10.8 ఎత్తు. దీనికి ఆఫీసుల్లోంచి వచ్చే పాత 19 అంగుళాల చదరపు మానిటర్, అదే 1280×1024ది, భలే కుదురుతుంది, దాని తెర 14.8 వెడల్పు, 11.9 ఎత్తు ఉంటుంది. పైనా కిందా సన్నటి పట్టీ తప్ప వృథా ఏమీ ఉండదు. ద్వారకానగర్ వైపు కంప్యూటర్ షాపుల్లో సెకండ్ హ్యాండ్‌వి అడిగి చూడండి. కాకపోతే ఇవి చాలావరకు టీఎన్ ప్యానెళ్ళు (పక్క నుంచి, కింద నుంచి చూస్తే రంగులు మారిపోయే చవక రకం), పైగా పాతవాటిలో వెనక వెలుగు ఎల్‌ఈడీ కాదు, సన్నటి ట్యూబ్‌లైట్లు. ఆన్ చేయగానే బొమ్మ ఎర్రగా, పసుపుగా కనిపించి పది నిమిషాలకి కూడా తేరుకోకపోతే అది వద్దు.

29 అంగుళాల ట్యూబున్న పెద్ద క్యాబినెట్ అయితే ఎత్తు 16 అంగుళాలు కావాలి, దానికి 32 అంగుళాల మానిటర్ ఎత్తు 15.7 సరిపోతుంది కానీ వెడల్పు దగ్గర దగ్గర 28, పైన దాని ఫ్రేము. పక్క చెక్కల మధ్య అంత చోటుందో లేదో టేపు పెట్టి కొలవండి. 24 అంగుళాలదానికి ఫ్రేముతో కలిపి సుమారు 21 నుంచి 21.5 అంగుళాలు కావాలి. కొలిచేది ముందు భాగం దగ్గర కాదు, తెర కూర్చునే చోట. చాలా క్యాబినెట్లలో లోపల బద్దలు కొట్టి ఉంటాయి, అవి అర అంగుళం చొప్పున రెండు పక్కలా తినేస్తాయి.

షాపులో మానిటర్ ఆన్ చేయించి మూడు పరీక్షలు పెట్టండి, షాపువాడు విసుక్కున్నా సరే. ప్లగ్గు పీకేసి మళ్ళీ పెడితే బటన్ నొక్కకుండా దానంతటదే ఆన్ అవ్వాలి, లేకపోతే మెషిన్ మెయిన్ స్విచ్ వేసిన ప్రతిసారీ, కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ వెనక తలుపు తీసి లోపల చెయ్యి పెట్టాల్సిందే. మెనూలో యాస్పెక్ట్ 4:3 అనే ఆప్షన్ ఉండాలి, చవక మానిటర్లలో ఒక్కోసారి ఉండదు, బొమ్మ సాగదీసి చూపిస్తాయి. తర్వాత దాన్ని వెనక్కి వాల్చి, కింద నుంచి, పక్క నుంచి చూడండి. క్యాబినెట్‌లో తెర వాలుగా ఉంటుంది, మనం నిలబడి చూస్తాం, పొట్టి పిల్లలు కింద నుంచి చూస్తారు. టీఎన్ ప్యానెల్‌ని కింద నుంచి చూస్తే రంగులు తిరగబడతాయి. ప్యాక్-మ్యాన్, గలగా, 1942 లాంటి నిలువు తెర గేముల కోసం మానిటర్‌ని పక్కకి తిప్పి బిగిస్తే ఆ లోపం ఇద్దరిలో ఒకరి కంట్లో పడి తీరుతుంది. రెండు వైపులా కూర్చుని ఆడే బల్ల మెషిన్‌కైతే ఐపీఎస్ (ఏ వైపు నుంచి చూసినా రంగులు మారని ప్యానెల్) తప్ప ఇంకోటి ఆలోచించకండి.

వెనక వెసా రంధ్రాలు (మానిటర్‌ని బిగించే స్క్రూల కోసం ఉండేవి) నాలుగూ ఉన్నాయో లేదో, వీజీఏ పోర్టు ఉందో లేదో కూడా చూసుకోండి. వీజీఏ ఎందుకో కింద తెలుస్తుంది.

ట్యూబు తీయడం

ఈ పని ఎప్పుడూ చేయకపోతే ఇది ఒక్కటీ టీవీ మెకానిక్ చేత చేయించండి, మిగతాదంతా మీరే చేసుకోవచ్చు. కలర్ ట్యూబులో యానోడ్ దగ్గర, అంటే ట్యూబు పక్కన రబ్బరు కప్పు అతికి ఉండే చోట, 20 వేల నుంచి 25 వేల వోల్టుల దాకా ఉంటుంది, ప్లగ్గు తీసేశాక కూడా ఆ ఛార్జీ లోపల కూర్చునే ఉంటుంది. అదొక్కటే కాదు, చాసిస్ మీద పెద్ద ఫిల్టర్ కెపాసిటర్ కూడా వందల వోల్టులు పట్టుకుని ఉంటుంది, చాలామంది ట్యూబుకి భయపడి దీన్ని మర్చిపోతారు.

ప్లగ్గు గోడలోంచి పూర్తిగా తీసేయండి, స్విచ్ ఆపితే చాలదు. చేతి గడియారం, ఉంగరం, మెడలో గొలుసు తీసేయండి. ఉక్కపోతలో చేతులు చెమట పట్టి ఉంటాయి కాబట్టి తుడుచుకుని, పొడి నేల మీద, చెప్పులతో కాకుండా రబ్బరు అడుగున్న బూట్లతో నిలబడండి, కళ్ళకి అద్దాలు పెట్టుకోండి. పొడుగాటి, ప్లాస్టిక్ పిడి ఉన్న ఫ్లాట్ స్క్రూడ్రైవర్ ఒకటి, రెండు వైపులా మొసలి క్లిప్పులున్న మందపాటి వైరు ఒకటి కావాలి. వైరు ఒక కొస స్క్రూడ్రైవర్ ఇనుప కడ్డీకి, రెండో కొస ట్యూబు వెనక వైపు చుట్టూ తిరిగే అల్లిక లాంటి గ్రౌండ్ తీగకి పెట్టండి. ఆ తీగకే పెట్టాలి, ఏదో దగ్గర్లో ఉన్న ఇనుప ముక్కకి కాదు. ఇప్పుడు ఒక చెయ్యి వెనక్కి పెట్టుకుని, రెండో చేత్తో స్క్రూడ్రైవర్‌ని రబ్బరు కప్పు కిందకి జరిపి లోపలి లోహపు క్లిప్పుని తాకించండి. టప్‌మని శబ్దం రావచ్చు, రాకపోవచ్చు. కొన్ని సెకన్లు అలాగే ఉంచండి. పావుగంట ఆగి మళ్ళీ ఇదే చేయండి, ఎందుకంటే గాజులో మిగిలిన ఛార్జీ కొంత మళ్ళీ పైకి వస్తుంది. ఆ తర్వాతే కప్పు లోపలి క్లిప్పుని నొక్కి విడదీయాలి. ఫిల్టర్ కెపాసిటర్ మీద మల్టీమీటర్ పెట్టి డీసీ వోల్టేజ్ సున్నాకి దగ్గరగా వచ్చిందో లేదో చూసుకోండి.

మెడ మీద ఉన్న చిన్న బోర్డుని అటూ ఇటూ ఊపకుండా తిన్నగా వెనక్కి లాగండి. ట్యూబులో అన్నింటికంటే పలచనిది ఆ మెడే, అది విరిగితే గాలి లోపలికి దూరి ట్యూబు అక్కడితో అయిపోతుంది. యోక్ (మెడ చుట్టూ ఉండే రాగి చుట్ట) కనెక్టర్, డీగాసింగ్ కాయిల్ (ట్యూబు అంచు చుట్టూ తిరిగే వైరు చుట్ట) కనెక్టర్, సిగ్నల్ కనెక్టర్ తీసేముందు ఫోన్‌లో ఫోటోలు తీసుకోండి, ప్రతి వైరుకీ పేపర్ టేపు చుట్టి పెన్నుతో రాయండి. నాలుగు మూలల బోల్టులు విప్పేటప్పుడు రెండో మనిషి ముందు నుంచి గాజుని ఆపి పట్టుకోవాలి. ఎత్తేటప్పుడు ముందరి బరువైన గాజు వైపు చేతులు వేసి ఎత్తాలి, మెడ పట్టుకుని కాదు. మడతపెట్టిన బొంత మీద తెర కిందకి వచ్చేలా పడుకోబెట్టండి.

బిగించడం

పాత ట్యూబు చెవులు కూర్చున్న బ్రాకెట్లు క్యాబినెట్‌లో అలాగే ఉంటాయి. ఆ రంధ్రాల్లోనే రెండు అడ్డ బద్దలు బిగించి, వాటి మీద 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్ పలక ఒకటి పెడితే చాలు. బద్దలకి స్లాటెడ్ యాంగిల్ నాకు నచ్చుతుంది, అదే పుస్తకాల ర్యాకులకి వాడే రంధ్రాల ఇనుప పట్టీ, ఎందుకంటే మానిటర్‌ని అటూ ఇటూ జరిపి చూసుకోవచ్చు. ప్లైవుడ్‌లో వాటర్‌ప్రూఫ్ రకం అడిగి తీసుకోండి, మామూలుది మన తేమకి రెండు వానాకాలాల్లో ఉబ్బుతుంది.

మానిటర్ వెనక రంధ్రాలు 75×75 లేదా 100×100 మిల్లీమీటర్ల దూరంలో ఉంటాయి, స్క్రూలు మామూలుగా ఎం4. పలక మందం 12 కాబట్టి వాషర్‌తో కలిపి 20 మిల్లీమీటర్ల స్క్రూ వేస్తే మానిటర్ లోపలికి ఏడు మిల్లీమీటర్ల దాకా వెళ్తుంది. ముందు ఒక చీపురుపుల్ల రంధ్రంలో పెట్టి లోతు చూసుకోండి, పొడుగు స్క్రూ బలంగా తిప్పితే లోపలి ప్యానెల్‌కి తగులుతుంది. స్క్రూలు, వాషర్లు స్టెయిన్‌లెస్ స్టీల్‌వే కొనండి. మామూలు ఇనుప స్క్రూ ఆరు నెలల తర్వాత విప్పాలంటే తల అరిగిపోతుంది, బీచ్ రోడ్డు వైపు ఇళ్ళకైతే అంత కాలం కూడా పట్టదు.

ఎంత ముందుకి పెట్టాలన్నది కంటితో తేల్చుకోవాల్సిందే. ట్యూబు గాజు మధ్యలో ఉబ్బి ఉంటుంది, దాని చుట్టూ ఉన్న ప్లాస్టిక్ చట్రం కూడా ఆ వంపుకి తగ్గట్టే ఉంటుంది. బల్లపరుపు మానిటర్‌ని ఆ చట్రానికి ఆనించితే మూలల్లో ఖాళీలు కనిపిస్తాయి. తలుపులకి అంటించే నల్ల ఫోమ్ టేపుతో ఆ ఖాళీలు మూసేయొచ్చు. మరీ లోపలికి పెడితే పక్కన నిలబడ్డ రెండో ప్లేయర్‌కి బొమ్మ అంచు కోసుకుపోతుంది.

వెడల్పు చాలడం లేదని మానిటర్ ప్లాస్టిక్ డబ్బా విప్పేసి ఉత్త ప్యానెల్ బిగించేవాళ్ళున్నారు. కరెంటు అడాప్టర్ బయట ఉండే రకమైతే, లోపల ఎల్‌ఈడీ వెలుగే ఉంటే, చేతనైనవాళ్ళు చేసుకోవచ్చు. పవర్ బోర్డు లోపలే ఉండే రకాన్ని, ట్యూబ్‌లైట్ల పాత రకాన్ని విప్పి వదిలేయకండి, ఆ బోర్డుల మీద వందల వోల్టులు బట్టబయలుగా ఉంటాయి, నాణెం ఇరుక్కుందని పిల్లలు చెయ్యి పెట్టే చోటు అది.

సిగ్నల్: అసలు కథ ఇదే

పాత గేమ్ బోర్డు నుంచి వచ్చే బొమ్మ సెకనుకి సుమారు 15.7 వేల గీతలు గీస్తుంది, అంటే 15.7 కిలోహెర్ట్జ్. వీజీఏ మానిటర్లు కనీసం 31.5 కిలోహెర్ట్జ్ అడుగుతాయి. నేరుగా కలిపితే చాలా మానిటర్లు "అవుట్ ఆఫ్ రేంజ్" అని చూపించి పడుకుంటాయి. మానిటర్ పాడైందని కంగారు పడొద్దు, మధ్యలో కన్వర్టర్ కావాలి, అంతే.

అయితే మీ బోర్డు ఏ రకమో ముందు చూడండి. ఒకే బోర్డులో అరవై గేములు, వందల గేములు ఉండే చైనా మల్టీ గేమ్ బోర్డు అయితే దాని మీదే వీజీఏ పోర్టు ఉండే అవకాశం చాలా ఎక్కువ, అరవై గేముల బోర్డులో సీజీఏ (పాత ట్యూబు సిగ్నల్), వీజీఏ మార్చే చిన్న డిప్ స్విచ్ కూడా ఉంటుంది. స్విచ్ మార్చి కేబుల్ పెట్టేస్తే పని అయిపోయినట్టే, కిందిదంతా వదిలేసి తెర చుట్టూ అట్ట కోసే చోటికి వెళ్ళిపోండి.

ఒక్క గేమ్ ఉండే అసలు బోర్డు అయితే అంచున 56 పిన్నుల జామా కనెక్టర్ ఉంటుంది, పైన 28, కింద 28. జపాన్ వాళ్ళ ఈ ప్రమాణం 1985 నుంచి వాడుకలోకి వచ్చింది కాబట్టి అంతకంటే పాత బోర్డులకి పిన్నులు వేరుగా ఉంటాయి. జామాలో పార్ట్‌లు ఉన్న వైపు 12వ పిన్ను ఎరుపు, 13 నీలం, 14 వీడియో గ్రౌండ్. సోల్డర్ వైపు ఆకుపచ్చ 12కి సరిగ్గా వెనక, సింక్ 13కి వెనక. పాత ట్యూబు చాసిస్‌కి వెళ్ళే కనెక్టర్‌లో ఉండేవి ఇవే ఐదు వైర్లు, కాబట్టి అక్కడి నుంచే తీసుకుంటే మెయిన్ హార్నెస్‌ని (వైర్ల కట్టని) కత్తిరించాల్సిన అవసరం రాదు.

అందరూ వాడే చవక కన్వర్టర్ జీబీఎస్-8200. 5 వోల్టులతో నడుస్తుంది, మెషిన్‌లోని ఎస్‌ఎంపీఎస్ (పవర్ సప్లై) నుంచి ఇవ్వొచ్చు, కానీ ఇచ్చాక గేమ్ బోర్డు అంచు దగ్గర వోల్టేజ్ మళ్ళీ కొలవండి. 5 కంటే బాగా కిందకి పడితే గేమ్ రీసెట్ అవుతూ ఉంటుంది, అప్పుడు కన్వర్టర్‌కి వేరే అడాప్టర్ పెట్టడం నయం. ఎరుపు, ఆకుపచ్చ, నీలం, సింక్, గ్రౌండ్ ఐదూ దాని ఐదు పిన్నుల సాకెట్లోకి. ఇక్కడ ఒక చిక్కుంది. వీజీఏ రకం ఇన్‌పుట్ ఎదురుచూసేది 0.7 వోల్టులు, గేమ్ బోర్డు పంపేది అంతకంటే చాలా ఎక్కువ. అందుకే మొదటిసారి ఆన్ చేయగానే తెలుపు అంతా మండిపోయి, ముఖాల మీద వివరాలు పోయి కనిపిస్తుంది. బోర్డు మీద మూడు చిన్న ట్రిమ్మర్లు ఉంటాయి, ఒక్కో రంగుకి ఒకటి, చిన్న స్క్రూడ్రైవర్‌తో మెల్లగా తగ్గించండి. గేమ్ టెస్ట్ మెనూలో రంగుల పట్టీలు వచ్చే పేజీ పెట్టుకుని చేస్తే తేలిక, పట్టీలో ఒక్కో మెట్టూ విడిగా కనిపించేదాకా తగ్గించాలి. మెషిన్ హార్నెస్‌లో వీడియో గ్రౌండ్ వదులుగా ఉంటే బొమ్మ మీద అలలు పాకుతాయి, ముందు ఆ వైరు చూసుకోండి.

జీబీఎస్‌తో రెండు ఫిర్యాదులు ఉన్నాయి. బటన్ నొక్కినదానికీ తెర మీద దెబ్బ పడినదానికీ మధ్య కొంచెం ఆలస్యం, అంచులు కొంచెం మెత్తబడటం. మనమంతా ముస్తఫా అని పిలుచుకునే కాడిలాక్స్ అండ్ డైనోసార్స్ లాంటి దానికి ఇది పెద్ద లెక్క కాదు, నడుచుకుంటూ కొట్టుకుంటూ పోయే గేమ్ అది. స్ట్రీట్ ఫైటర్ 2లోనో, కింగ్ ఆఫ్ ఫైటర్స్ 97లోనో చెయ్యి తిరిగినవాళ్ళు మాత్రం వెంటనే పట్టేస్తారు, 60 హెర్ట్జ్‌లో ఒక్క ఫ్రేమ్ అంటే 16.7 మిల్లీసెకన్లు, వాళ్ళు ఆ లెక్కలోనే ఆడతారు. అలాంటివాళ్ళకి రెండు దార్లు. అదే జీబీఎస్ బోర్డుకి ఒక ఈఎస్‌పీ8266 మాడ్యూల్ కలిపి జీబీఎస్-కంట్రోల్ అనే ఓపెన్ సోర్స్ ఫర్మ్‌వేర్ వేసుకోవడం ఒకటి, సోల్డరింగ్ వచ్చినవాళ్ళకి ఇదే నేను చెప్పేది. రెండోది ఓఎస్‌ఎస్‌సీ అనే ఇంకో కన్వర్టర్, ఇది బొమ్మని దాచుకోకుండా వచ్చిన గీతని వచ్చినట్టే రెండింతలో మూడింతలో చేసి పంపేస్తుంది, ఆలస్యం లెక్కలోకి రాదు. ధర ఎక్కువ, పైగా గేమ్ బోర్డుకీ దానికీ మధ్య వోల్టేజ్ తగ్గించే సర్క్యూట్ తప్పనిసరి.

ఓఎస్‌ఎస్‌సీ కొనేముందు ఇంకోటి చూసుకోవాలి. అన్ని గేములూ సరిగ్గా 60 హెర్ట్జ్ కాదు. నియో జియో బోర్డు 59.2 దగ్గర, ముస్తఫా నడిచే క్యాప్‌కామ్ బోర్డు 59.6 దగ్గర, ఇవి పర్వాలేదు. మోర్టల్ కాంబాట్ 54.7, ఆర్-టైప్ 55. ఓఎస్‌ఎస్‌సీ ఆ వేగాన్ని మార్చదు కాబట్టి 55 ఒప్పుకోని మానిటర్ నల్లగా ఉండిపోతుంది. జీబీఎస్ మామూలుగా 60కి మార్చి ఇస్తుంది, బొమ్మ తప్పకుండా వస్తుంది కానీ తెర జరిగేటప్పుడు మధ్యమధ్యలో చిన్న కుదుపు ఉంటుంది.

గేమ్ బోర్డు కూడా పోయి, లోపల పాత కంప్యూటరో, రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ బోర్డో పెట్టుకునేవాళ్ళకి కన్వర్టర్ గొడవే లేదు, హెచ్‌డీఎంఐ కేబుల్ పెడితే చాలు. సెట్టింగుల్లో ఇంటీజర్ స్కేలింగ్ ఆన్ చేయండి. 224 గీతల గేమ్‌ని 1080 ఎత్తున్న తెర మీద సరిగ్గా నాలుగింతలు చేస్తే 896 వస్తుంది, పైనా కిందా కొంచెం ఖాళీ మిగులుతుంది కానీ గీతలన్నీ ఒకే మందంగా ఉంటాయి. తెర నిండా సాగదీస్తే కొన్ని గీతలు లావుగా, కొన్ని సన్నగా వచ్చి, బొమ్మ కదిలినప్పుడల్లా అల్లాడుతున్నట్టు ఉంటుంది. ట్యూబు లాంటి గీతలు తెప్పించే షేడర్లు (బొమ్మ రూపాన్ని మార్చే ఫిల్టర్లు) చాలా ఉన్నాయి, రాస్ప్‌బెర్రీ పైలో అయితే సీఆర్‌టీ-పై అనేది తేలికగా నడుస్తుంది.

తెర చుట్టూ

జీబీఎస్‌లో అవుట్‌పుట్ 1024×768 పెట్టి, మానిటర్ మెనూలో 4:3 ఎంచుకోండి. డైనమిక్ కాంట్రాస్ట్ ఆపేయండి, షార్ప్‌నెస్ తగ్గించండి. నల్ల పట్టీలు చీకట్లో బూడిద రంగులో వెలుగుతూ కనిపిస్తాయి, అవి కనపడకుండా అట్ట పెట్టాలి. ఫ్లెక్సీలు వేసే షాపుకి వెళ్ళి నల్ల సన్‌బోర్డు అడిగితే కొలత చెప్పిన చోట కిటికీ కోసి ఇస్తారు. కొలత ముందే చెప్పేయకండి, గేమ్ ఆడుతూ ఉండగా తెర మీద స్కేలు పెట్టి కొలవండి, ఎందుకంటే ప్రతి బోర్డూ బొమ్మని కొంచెం అటో ఇటో జరుపుతుంది. ముందు ఉండే పొగ రంగు అద్దం చాలా క్యాబినెట్లలో ట్యూబు వెలుగుకి తగ్గట్టు పెట్టింది, మానిటర్ వెలుగు చాలకపోతే రంగు లేని, అవతలికి కనిపించే 3 మిల్లీమీటర్ల యాక్రిలిక్ వేయించి, పాత అద్దాన్ని దుప్పట్లో చుట్టి దాచండి.

కరెంటు, ఉప్పు గాలి

పాత ట్యూబు చాసిస్‌కి ఐసోలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ (దాన్ని మెయిన్ కరెంటు నుంచి విడిగా ఉంచేది) ఉండి ఉంటుంది. కొత్త మానిటర్‌కి అది అక్కర్లేదు, కానీ ఊరికే పీకేయకండి, పై బోర్డు ట్యూబ్‌లైట్, ఎస్‌ఎంపీఎస్ కూడా దాని మీదే నడుస్తున్నాయేమో వైరు పట్టుకుని చూసుకోండి. అమెరికా నుంచి వచ్చిన మెషిన్ అయితే లోపల 110 వోల్టులకి దింపే ట్రాన్స్‌ఫార్మర్ ఉంటుంది. మానిటర్ అడాప్టర్ మీద 100 నుంచి 240 అని రాసుంటే ఎక్కడ పెట్టినా నడుస్తుంది. కంట్రోల్ ప్యానెల్ ఇనుముకీ, కాయిన్ డోర్‌కీ ఉన్న ఎర్త్ వైరు మళ్ళీ బిగించారో లేదో మల్టీమీటర్‌తో చూసి మరీ తలుపు మూయండి.

ఇంకో సంగతి చాలామందికి తట్టదు. ట్యూబు ఉన్నప్పుడు దాని వేడికి డబ్బా లోపల కాస్త పొడిగా ఉండేది. ఎల్‌సీడీ అంత వేడెక్కదు, కాబట్టి వాడని రోజుల్లో లోపల తేమ అలాగే నిలిచిపోతుంది. వెనక గాలి రంధ్రాలు మూయొద్దు, దోమల మెష్ అంటించండి, లేకపోతే ఎస్‌ఎంపీఎస్‌లో బల్లి దూరి ఒకరోజు ఢమాల్ అంటుంది. వారానికి ఒక్కసారైనా గంటసేపు ఆన్ చేయండి, సిలికా జెల్ పొట్లాలు రెండు మూడు పడేయండి. సముద్రం వైపు బాల్కనీలో మాత్రం ఎంత ముచ్చటగా ఉన్నా పెట్టకండి. జామా కనెక్టర్ పళ్ళని ఏడాదికోసారి మెత్తటి రబ్బరుతో రుద్ది, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి. బొమ్మలో రంగు ఒకటి వచ్చిపోతూ ఉంటే కన్వర్టర్‌ని తిట్టేముందు ఈ పని చేయండి.

తీసిన ట్యూబు సంగతి. పాత ఇనుప సామాన్ల బండికి వేయొద్దు. యోక్‌లో రాగి కోసం మెడ పగలగొట్టి గాజు రోడ్డు పక్కన పారేస్తారు, ఆ గాజులో సీసం ఉంటుంది. ట్యూబు బాగుంటే చాసిస్‌తో సహా పాత మెషిన్లు బాగు చేసుకునేవాళ్ళకి ఇవ్వండి, లేదా మెడ చుట్టూ థర్మాకోల్ పెట్టి, తెర కిందకి వచ్చేలా అట్టపెట్టెలో దాచి, చాసిస్ మోడల్ నంబరు, తీసిన తేదీ, ఏం లోపమో పెట్టె మీద రాసి పెట్టండి. పూర్తిగా పోయిందైతే అనుమతి ఉన్న ఈ-వేస్ట్ రీసైక్లర్‌కి ఇవ్వాలి. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న 2022 ఈ-వేస్ట్ నిబంధనల ప్రకారం ఇలాంటివి వాళ్ళకే చేరాలి, ఇచ్చినప్పుడు రసీదు అడిగి తీసుకోండి.